ఫోర్ వీల్ డ్రైవ్ కారుకి మంచు చైన్లు వేయడం ఎలా: టాహో వెళ్లేవాళ్ల కోసం

"మాది ఆల్ వీల్ డ్రైవే కదా, మాకు చైన్లు ఎందుకు?" డిసెంబరు వచ్చిందంటే, శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా నుంచి టాహో సరస్సు దగ్గరి మంచు కొండలకి వెళ్లే మనవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇది. రెండోది, "ముందు చక్రాలకా, వెనక చక్రాలకా?" మూడోది ఎక్కువగా కొండ మీద నుంచి ఫోన్లో వస్తుంది: "వేశాం గానీ టపటపా కొట్టుకుంటోంది, ఏం చేయమంటారు?" ఈ మూడింటికీ విడివిడిగా ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను. చైన్లంటే మంచు మీద జారకుండా టైరు చుట్టూ వేసే గొలుసులు.

మొదటి ప్రశ్న ముందు తేల్చుకుందాం. ఫోర్ వీల్ డ్రైవ్ అయినా, ఆల్ వీల్ డ్రైవ్ అయినా చేసే పని ఇంజను బలాన్ని నాలుగు చక్రాలకీ పంచడం. కదలడానికీ, ఎత్తు ఎక్కడానికీ అది బాగా పనికొస్తుంది. బ్రేకు తొక్కినప్పుడు మాత్రం ఏ కారైనా నాలుగు టైర్ల మీదే ఆగుతుంది. అక్కడ మీ పెద్ద కారుకి పక్కనున్న చిన్న కారు కంటే ఎక్కువ పట్టేమీ ఉండదు, పైగా బరువు ఎక్కువ. సులువుగా పైకి ఎక్కేసిన ధైర్యంతో దిగుడులోనూ అదే వేగంతో వెళ్లి జారిపోయినవాళ్లను చూశాను. లంబసింగిలో గడ్డి మీద పేరుకున్న తెల్లటి పొర తప్ప మంచు ఎరగని మనకి, గట్టిపడిన మంచు మీద కారు ఎలా ప్రవర్తిస్తుందో ఊహకి అందదు.

రోడ్డు మీద నియమం

శాక్రమెంటో దాటాక ఐ-80 గానీ, హైవే 50 గానీ పట్టుకుంటే రెండూ 7,000 అడుగుల పైకి ఎక్కుతాయి. మంచు పడుతుంటే కాల్‌ట్రాన్స్ (కాలిఫోర్నియా రవాణా శాఖ) వాళ్లు మూడు స్థాయిల్లో చైన్ కంట్రోల్, అంటే చైన్ల నియమం, పెడతారు.

ఆర్-1 అంటే చైన్లో, మంచు టైర్లో ఉండాలి. ఫోర్ వీల్ డ్రైవ్, ఆల్ వీల్ డ్రైవ్ కార్లకి మినహాయింపు ఉంది.

ఆర్-2 అంటే అందరూ చైన్లు వేయాలి. నాలుగు చక్రాలకీ మంచు టైర్లున్న ఫోర్ వీల్, ఆల్ వీల్ డ్రైవ్ కార్లకి మాత్రమే మినహాయింపు. కారు ఫోర్ వీల్ డ్రైవ్ అయినంత మాత్రాన సరిపోదు, టైర్లు కూడా చూస్తారు.

ఆర్-3 అంటే ఎవరికీ మినహాయింపు లేదు. అయితే పరిస్థితి అంతవరకూ వస్తే చాలాసార్లు రోడ్డే మూసేస్తారు.

మనవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇంకొకటి ఉంది. మినహాయింపు ఉన్నా సరే, చైన్ కంట్రోల్ ఉన్నచోటికి వెళ్లే ఫోర్ వీల్ డ్రైవ్ కారులో చైన్లు ఉండి తీరాలి. వేయక్కర్లేదు గానీ డిక్కీలో ఉండాలి.

మంచు టైరు అవునో కాదో ఇలా చూడండి. టైరు పక్కగోడ మీద ఎం ప్లస్ ఎస్ అనే అక్షరాలో, మూడు శిఖరాల కొండలో మంచురేకు ఉన్న బొమ్మో ఉండాలి. గాడి లోతు కనీసం 32లో 6 వంతుల అంగుళం ఉండాలి. కొలిచే సాధనం లేకపోతే 2008 లోపు పెన్నీ నాణెం చాలు. లింకన్ స్మారక భవనం బొమ్మ ఉన్న వైపు మీకు కనపడేలా, నాణేన్ని తలకిందులుగా గాడిలో దించండి. భవనం పైకప్పు గాడిలో మునిగితే లోతు సరిపోయినట్టే. నాలుగు టైర్లూ చూడండి, ఒక్కటి అరిగినా మినహాయింపు పోతుంది.

బయల్దేరే రోజు ఉదయం రోడ్ల పరిస్థితి చూపే కాల్‌ట్రాన్స్ వాళ్ల క్విక్‌మ్యాప్ యాప్ చూడండి, లేదా కాల్‌ట్రాన్స్ నంబరు 800-427-7623కి ఫోన్ చేయండి. ఐ-80 దారిలో ఆబర్న్‌లో కాఫీకి ఆగినప్పుడు మళ్లీ చూడండి. గంటలో మారిపోతుంది.

ముందు చక్రాలకా, వెనక చక్రాలకా?

దీనికి జవాబు స్నేహితుల దగ్గర ఉండదు, మీ కారు మాన్యువల్లో ఉంటుంది. ముందు చక్రాల డ్రైవ్ ఆధారంగా తయారైన ఆల్ వీల్ డ్రైవ్ కార్లకి, అంటే హోండా సీఆర్-వీ, టయోటా రావ్4 లాంటివాటికి, ముందు చక్రాలకే వేయమంటారు. సుబారు కూడా ముందు చక్రాలకే అంటుంది. ట్రక్కు తరహా ఫ్రేము మీద కట్టిన టయోటా 4రన్నర్‌కి, జీప్ రాంగ్లర్‌కి వెనక. టెస్లా మోడల్ వైకి కూడా వెనకే. అయినా మీ మోడల్ సంవత్సరం మాన్యువల్ తెరిచి మీ కళ్లతో చదవండి. కొన్ని కార్లలో పెద్ద చక్రాల రకానికి చైన్లే వేయొద్దని రాసి ఉంటుంది. సస్పెన్షనుకీ టైరుకీ మధ్య చోటు అంత తక్కువ.

నాలుగు చక్రాలకీ వేయమని మాన్యువల్ ఒప్పుకుంటే నాలుగింటికీ వేయడమే మంచిది. జత మాత్రమే వేస్తే ఏం జరుగుతుందో తెలిసి ఉండాలి. ముందు మాత్రమే ఉంటే దిగుడులో బ్రేకు వేసినప్పుడు వెనక భాగం పక్కకి ఊగుతుంది. వెనక మాత్రమే ఉంటే స్టీరింగు తిప్పినా కారు తిన్నగా జారుకుంటూ పోయే ప్రమాదం ఉంది. రెండింటికీ మందు ఒకటే, మలుపుకి చాలా ముందే వేగం తగ్గించడం.

అద్దె కారైతే ఒప్పందం చదవండి. చాలా అద్దె కంపెనీలు చైన్లు వేయొద్దనే రాస్తాయి. ఫోర్ వీల్ డ్రైవ్ ఇచ్చినా దానికి మంచు టైర్లు ఉన్నాయో లేవో కారు తీసుకునే ముందే వంగి చూడండి.

కావలసినవి

మీ టైరు సైజుకి సరిపడే చైన్లు. పక్కగోడ మీద 225/65 ఆర్ 17 లాంటి సంఖ్య ఉంటుంది, డబ్బా మీద సరిగ్గా అదే సంఖ్య ఉండాలి. "దగ్గర్లోనే ఉంది, సరిపోతుంది" అన్న మాట నమ్మకండి. మా మొదటి ప్రయాణంలో దుకాణంలో చెప్పిన మాట మీద కొన్న డబ్బాని ఐ-80 మీది కింగ్‌వేల్ దగ్గర చీకట్లో విప్పితే రెండు కొసలూ కలవడానికి నాలుగు వేళ్ల దూరం తక్కువైంది. పిల్లలు వెనక సీట్లో నిద్రపోతుండగా వెనక్కి తిరిగి శాక్రమెంటో దాకా వచ్చాం.

మాన్యువల్లో క్లాస్ ఎస్ అని ఉంటే అదే రకం కొనండి. చక్రం చుట్టూ చోటు తక్కువ ఉన్న కార్ల కోసం చేసినవి అవి. నిచ్చెన ఆకారపు లావు ఇనుప గొలుసులు ట్రక్కులకి, రాంగ్లర్ లాంటివాటికి బాగుంటాయి. చిన్న ఎస్‌యూవీలకి సన్నని కేబుల్ రకం, లేదా వజ్రం ఆకారపు అల్లికతో దానంతటదే బిగుసుకునే రకం నప్పుతాయి. నన్నడిగితే, డబ్బు కాస్త ఎక్కువైనా అల్లిక రకమే తీసుకోండి. కారు కదపకుండా వేయొచ్చు, చలిలో వేళ్లు మొద్దుబారినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

వీటితోపాటు నీళ్లు ఇంకని చేతి తొడుగులు, మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత పట్టా, నుదుటికి కట్టుకునే లైటు, చైనుని లాగిపట్టే రబ్బరు టెన్షనర్లు, చైను బిగించే తాళంచెవి, నాలుగు ప్లాస్టిక్ జిప్ టైలు, చిన్న పార, దళసరి దుప్పట్లు. పెట్రోలు సగం ట్యాంకు కంటే తగ్గనివ్వకండి.

ఇంటి దగ్గరే ఒకసారి

మొత్తంలో ఇది మాత్రం వదిలేయకండి. బయల్దేరే ముందు శనివారం ఎండలో, మీ ఇంటి ముందే చైన్లు వేసి చూడండి. మొదటిసారి గంట పట్టొచ్చు. రెండోసారికి ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. సైజు తప్పు పడితే దుకాణంలో మార్చుకునే వీలుంటుంది కూడా. ముందు చక్రాలకి వేస్తే స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి, లోపలి వైపు బ్రేకు గొట్టానికి, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తీగకి, స్ప్రింగుకి చైను తగులుతోందేమో లైటు వేసి చూడండి. పొడి రోడ్డు మీద నడపకండి, పది అడుగులు ముందుకీ వెనక్కీ కదిపితే చాలు.

వేసే పద్ధతి

1. కారు జారడం మొదలయ్యాక కాదు, "చైన్లు తప్పనిసరి" అన్న బోర్డు కనపడగానే ఆగండి. తనిఖీ చేసే చోటుకి సుమారు మైలు ముందు ఆ బోర్డు ఉంటుంది. రోడ్డు నుంచి పూర్తిగా కుడి పక్కకి, చదునుగా ఉన్న చోటికి తప్పుకోండి. మలుపులో, ఏటవాలులో ఆపకండి. ప్రమాద సూచక లైట్లు వేయండి.

2. చక్రాలు తిన్నగా పెట్టి, గేరు పార్కులో వేసి, హ్యాండ్ బ్రేకు లాగండి. కారు తాళంచెవి మీ జేబులో ఉండాలి. పెద్దవాళ్లనీ, పిల్లల్నీ కారులోనే కూర్చోబెట్టండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు మంచు చూసిన సంబరంలో ఫోటో కోసం రోడ్డు వైపు దిగుతారు. వెనక వచ్చే కార్లు జారుతూ వస్తాయని వాళ్లకి ముందే చెప్పండి.

3. చైనుని పట్టా మీద పరిచి మెలికలన్నీ విప్పండి. కొక్కేల నోళ్లు టైరుకి తగిలే వైపు కాకుండా బయటికి చూడాలి, నునుపు వైపు టైరుకి ఆనాలి. తిరగేసి వేస్తే ఆ కొక్కేలే టైరు పక్కగోడని కోస్తాయి.

4. నిచ్చెన, కేబుల్ రకమైతే చైనుని టైరు మీద పై నుంచి శాలువా కప్పినట్టు వేయండి. బిగించే తాళం ఉన్న వైపు బయటికి రావాలి. అడ్డగొలుసులు వంకర లేకుండా సమాన దూరంలో సర్దండి. కింది భాగాన్ని టైరు నేలకి ఆనే చోటు వరకూ దోపండి.

5. ఒక మనిషి కారెక్కి, రెండో మనిషి దూరంగా నిలబడ్డాక, కారుని రెండడుగులు మెల్లగా ముందుకి కదిపి మళ్లీ హ్యాండ్ బ్రేకు లాగండి. ఇందాక టైరు కింద ఇరుక్కున్న చోటు ఇప్పుడు బయటపడుతుంది. ఈ పనికి జాకీ ఎత్తకండి, మంచులో జాకీ నిలవదు.

6. ముందు లోపలి కొక్కెం తగిలించండి. కనపడని చోట, చేత్తో తడుముకుంటూ చేసే పని ఇది. ఎంత లాగగలిగితే అంత లాగి చివరి లింకులో తగిలించండి. ఆ తర్వాతే బయటిది. లోపల వదులుగా ఉండి బయట బిగువుగా ఉంటే చైను మొత్తం బయటికి జరిగి ఊడిపోతుంది.

7. చైను మీద బిగింపు తాళాలుంటే తాళంచెవితో వరసగా అన్నీ తిప్పండి. రబ్బరు టెన్షనరు వాడొచ్చని చైను డబ్బా మీద ఉంటే దాన్ని కూడా వేయండి. కొక్కేలు బయటికే చూడాలి. మిగిలిన కొస వేలాడకుండా జిప్ టైతో కట్టేయండి.

8. అల్లిక రకమైతే నాలుగో మెట్టు నుంచి పద్ధతి వేరు. వంగే కేబులు ఉంగరాన్ని టైరు వెనక నుంచి నేల మీద తోసి, రెండు కొసలూ పైకి లేపి టైరు పైభాగాన కలపండి. ఉంగరాన్ని టైరు వెనక్కి తోసి, అల్లికని ముఖం మీదకి లాగి, బయటి కొక్కెం తగిలించి, బిగించే గొలుసు లాగండి. కారు కదపక్కర్లేదు.

9. అవతలి చక్రానికి కూడా అంతే. ఒక్క చక్రానికే వేసి కదిలితే కారు ఒక పక్కకి లాగుతుంది, డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ బలం పంచే భాగం) దెబ్బతింటుంది.

10. వంద గజాలు మెల్లగా నడిపి మళ్లీ పక్కకి ఆపి బిగించండి. కదిలాక చైను టైరు మీద సర్దుకుంటుంది, వదులు బయటపడుతుంది. రెండోసారి బిగించని చైన్లే ఎక్కువగా ఊడిపోతాయి.

అసలు మీకు చేతకాకపోతే, రద్దీ రోజుల్లో రోడ్డు పక్కన నంబరున్న కోటు వేసుకున్న చైన్ ఇన్‌స్టాలర్లు ఉంటారు. వాళ్లది సొంత వ్యాపారం, డబ్బు తీసుకుని వేసిపెడతారు. వాళ్లు చైన్లు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, కాబట్టి చైన్లు మీవే అయి ఉండాలి. కోటు మీది నంబరు వేసిన రసీదు తీసుకోండి.

సరిగ్గా పడిందో లేదో

టైరు పైభాగాన అడ్డగొలుసుని వేలితో లేపండి. వేలు దూరేంత సందు పరవాలేదు, పిడికిలి దూరితే వదులు. లోపలి వైపు కూడా అలాగే తడమండి. టైరు ఎదురుగా నిలబడి చూస్తే అడ్డగొలుసులు పక్కలకి సమానంగా కనపడాలి. ఒక వైపుకి జరిగితే విప్పి మళ్లీ వేయండి.

ఇక చప్పుడు. బిగువుగా ఉన్న చైను గరగరమని ఒకే లయలో మోగుతుంది. టప్, టప్ మని చక్రం తిరిగినప్పుడల్లా ఒకే దెబ్బ వినపడితే వదులు కొస ఏదో మడ్‌గార్డుకి కొట్టుకుంటోంది. వెంటనే ఆగండి. "హోటల్ చేరాక చూద్దాం" అనుకున్నవాళ్లకి మడ్‌గార్డు లోపలి తొడుగు చిరిగిపోయింది, ఒకాయనకి ఏబీఎస్ తీగ తెగింది. స్టీరింగులో లాగుడు, కుదుపు మొదలైనా అంతే, అడ్డగొలుసు తెగి ఉండొచ్చు.

నడిపేటప్పుడు

ఐ-80 మీద చైన్ కంట్రోల్ ఉన్నచోట వేగ పరిమితి 30 మైళ్లు, మిగతా చోట్ల 25 నుంచి 30. చైను డబ్బా మీద అంతకంటే తక్కువ రాసి ఉంటే అదే మీ పరిమితి. క్రూజ్ కంట్రోల్ వాడకండి. ముందు కారుకి మామూలుగా వదిలే దూరానికి మూడింతలు వదలండి.

మీది 4 హెచ్ (మామూలు వేగానికి), 4 ఎల్ (తక్కువ వేగం, ఎక్కువ బలం) ఉన్న పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ అయితే మంచు మొత్తం కప్పిన రోడ్డు మీద 4 హెచ్‌లో ఉంచండి. 4 ఎల్ కూరుకుపోయినప్పుడు బయటపడటానికి, నిటారు దిగుడుకి. తారు తేలిన చోట 2 హెచ్‌కి, అంటే రెండు చక్రాల డ్రైవ్‌కి, మారండి, లేకపోతే ముందు వెనక ఇరుసులు ఒకదాన్నొకటి బిగబట్టుకుంటాయి.

కూరుకుపోతే యాక్సిలరేటర్ తొక్కి చక్రాలు గిర్రున తిప్పకండి. చైను తెగుతుంది, కింది మంచు గాజులా నునుపెక్కుతుంది. పారతో చక్రాల ముందూ వెనకా తవ్వి, మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపండి. అప్పటికీ కదలకపోతే ట్రాక్షన్ కంట్రోల్ తాత్కాలికంగా ఆపి చూడండి, బయటపడగానే మళ్లీ వేయండి. రోడ్డు మూసేసి గంటలతరబడి ఆగాల్సి వస్తే, హీటరు వేసే ముందు పొగగొట్టం చుట్టూ మంచు తీసేయండి. అది మూసుకుపోతే విషవాయువు కారులోకి వస్తుంది.

మళ్లీ మళ్లీ చూసే పొరపాట్లు

చైను పట్టాలని టైరులో గాలి తీయడం. అలా చేయకండి, చైను పట్టకపోతే సైజు తప్పు.

టైరు తిరిగే చోట మంచు గడ్డకట్టి ఉండగానే చైను వేయడం. ముందు చేత్తో గానీ పార పిడితో గానీ ఆ గడ్డలు రాలగొట్టండి, లేకపోతే చైను పది నిమిషాల్లో వదులవుతుంది.

గుడ్డతో చేసిన టైరు తొడుగుల్ని చైన్లలాగే ఎంతదూరమైనా వాడటం. అవి తేలిక, వేయడం సులువు, చక్రం చుట్టూ చోటు లేని కార్లకి మంచి ప్రత్యామ్నాయం. కానీ తారు తేలిన రోడ్డు మీద త్వరగా చిరుగుతాయి. మంచు ఆగి ఆగి ఉన్న దారిలో ఒక జత ప్రయాణం మొత్తానికి రాకపోవచ్చు.

ఆర్-2లో మినహాయింపు ఉంది కదా అని ఎంత మంచు పడుతున్నా వేయకపోవడం. చట్టం ఒప్పుకున్నా, హైవే 50లో ఎకో సమిట్ నుంచి మయ్యర్స్ వైపు దిగేటప్పుడు మీ టైర్లు జారుతున్నట్టు అనిపిస్తే వేయండి. నేను రాత్రి వేళ అక్కడ వేయకుండా దిగను.

తీయడం, దాచడం

"చైన్ కంట్రోల్ ముగిసింది" అన్న బోర్డు దాటాక, మళ్లీ కుడి పక్కన సురక్షితమైన చోటు చూసి ఆపండి. బోర్డు రాకముందే తీయకండి. ఇక తీయాల్సిన చోటు దాటి పొడి తారు మీద నడిపినా చైనూ టైరూ రెండూ పాడవుతాయి. టెన్షనరు, బయటి కొక్కెం, లోపలి కొక్కెం, ఈ వరసలో విప్పి చైనుని నేల మీద పడేయండి. రెండు వైపులా పూర్తిగా నేల మీద పడిందని చూసుకుని, కారుని దాని మీద నుంచి మెల్లగా ముందుకి తీయండి.

ఇంటికొచ్చాక తడి చైన్లని సంచిలోనే వదిలేస్తే వచ్చే ఏడాదికి తుప్పు ముద్ద దొరుకుతుంది. రోడ్డు మీద చల్లిన ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగి, ఒక రోజు ఎండలో ఆరబెట్టండి. తెగిన లింకు, అరిగిన కొక్కెం ఉంటే ఇప్పుడే చూసి పక్కన పెట్టండి. మెలికలు లేకుండా చుట్టి సంచిలో పెట్టాక, సంచి మీద మార్కరుతో టైరు సైజు, ముందు చక్రాలకో వెనక చక్రాలకో రాసేయండి. కారు మార్చినప్పుడు, స్నేహితుడు అడిగి పట్టుకెళ్లినప్పుడు ఆ ముక్క కావాల్సి వస్తుంది.